మెట్టుగడ్డ దారిలో జొన్న రొట్టెలు: తొమ్మిది నెలలు తిని, కొలిచి చూసిన తర్వాత

మహబూబ్‌నగర్‌లో సాయంత్రం ఆరు దాటితే చాలా రోడ్ల పక్కన జొన్న రొట్టెల పొయ్యిలు వెలుగుతాయి. వాటిలో మెట్టుగడ్డ వైపు వెళ్లే దారిలో, వేపచెట్టు కింద నాలుగు రేకులు కప్పుకొని ఒక తల్లీ కూతుళ్లు నడిపే చోటు గురించి ఈ సమీక్ష రాస్తున్నాను. దానికి పేరు పలక లేదు. తల్లి రొట్టెలు చేస్తుంది, కూతురు కూరలు కట్టి డబ్బులు తీసుకుంటుంది. గత తొమ్మిది నెలలుగా వారంలో నాలుగైదు రాత్రులు నా భోజనం అక్కడిదే. నాకు షుగర్ వచ్చి ఆరేళ్లయింది. ఆ రొట్టెల రుచి గురించి చెప్పేవాళ్లు ఊళ్లో చాలామంది ఉన్నారు. షుగర్ ఉన్న మనిషి ఒంట్లో ఆ రొట్టె ఎలా పనిచేస్తుందో ఇంట్లో రక్తంలో షుగర్ చూసుకునే మిషన్‌తో కొలుచుకొని చూసినవాళ్లు తక్కువ కనుక, నేను ఆ వైపు నుంచే రాస్తాను.

ముందుగా, నేను బయట రొట్టె కొనడం ఎందుకు మొదలుపెట్టానో చెప్పాలి. మా అమ్మ జొన్న రొట్టె చేస్తుంటే చూస్తూ పెరిగినా ఆ విద్య నా చేతికి రాలేదు. గోధుమపిండికి ఉండే సాగుడు గుణం జొన్నపిండికి ఉండదు. మరిగిన నీళ్లు పోసి, అరచేతి మడమతో బాగా మర్దించి, పీట మీద వేళ్లతో తట్టుతూ తిప్పుకుంటూ పలుచగా చేయాలి. అంచు పగలకుండా పెనం మీదికి తేవాలి. పైన తడి చేత్తో నీళ్లు రాయాలి. పిండి గిర్ని నుంచి వచ్చి వారం పది రోజులు దాటితే ఎంత చేయి తిరిగిన మనిషికైనా రొట్టె విరిగిపోతుంది. జూనియర్ కాలేజీలో పాఠాలు చెప్పి సాయంత్రం ఇంటికి చేరేసరికి నాకు ఆ ఓపిక మిగలదు. అందువల్ల ఏళ్ల తరబడి రాత్రిపూట కూడా అన్నమే తిన్నాను, నా షుగర్ కూడా అలాగే ఉండిపోయింది.

ఇక రొట్టె సంగతి. ఇక్కడి రొట్టె నూటికి నూరు పాళ్లు జొన్నదే. దీన్ని మాట మీద నమ్మి చెప్పడం లేదు. ఈ తొమ్మిది నెలల్లో పట్టణంలో మరో మూడు చోట్ల కొని పోల్చి చూశాను. ఒకచోట రొట్టె చల్లారిన గంటకు కూడా చపాతీలా మెత్తగా మడతపడింది, లాగితే సాగింది. జొన్న ఒక్కటే ఉన్న రొట్టె అలా ఉండదు. అది చల్లారితే గట్టిపడుతుంది, మడిస్తే పటుక్కున విరుగుతుంది. మెత్తగా సాగిందంటే అందులో గోధుమపిండో మైదానో కలిసిందని అర్థం. మరోచోట రొట్టె మల్లెపువ్వులా తెల్లగా ఉంది. బియ్యప్పిండి కలుపుతామని వాళ్లే ఒప్పుకున్నారు, అలా కలిపితే తట్టడం సులువట. షుగర్ లేనివాళ్లకు అది పెద్ద తప్పు కాకపోవచ్చు. నాలాంటివాళ్లు అన్నం మానడానికే రొట్టె కొంటున్నప్పుడు, ఆ రొట్టెలోనే బియ్యం తిరిగి కంచంలోకి రావడం మాత్రం న్యాయం కాదు. వేపచెట్టు కింది రొట్టె ఇంటికి తెచ్చేసరికే అంచుల్లో గట్టిపడుతుంది. దాన్ని లోపంగా చెప్పేవాళ్లున్నారు. నా దృష్టిలో అది దాని నిజాయితీకి గుర్తు.

రెండో గుణం, నా వరకు అన్నిటికన్నా పెద్దది, కొలత. ఆ తల్లి ప్రతి ముద్దనూ ఒకే పరిమాణంలో తీస్తుంది. వంటింటి త్రాసు మీద వేర్వేరు రోజుల్లో పన్నెండు రొట్టెలు తూచాను. అతి చిన్నదానికీ అతి పెద్దదానికీ పది గ్రాములకు మించి తేడా రాలేదు. కిలో పిండికి ఇరవై రొట్టెలు వస్తాయని ఆమె చెప్పింది. అంటే ఒక్కో రొట్టెలో దాదాపు 50 గ్రాముల పిండి ఉంటుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2017లో ప్రచురించిన ఆహార పట్టికల ప్రకారం 100 గ్రాముల జొన్నల్లో పిండిపదార్థం (అరిగాక రక్తంలో చక్కెరగా మారేది ఇదే) దాదాపు 68 గ్రాములు, పీచు దాదాపు 10 గ్రాములు ఉంటాయి. అదే 100 గ్రాముల తెల్లబియ్యంలో పిండిపదార్థం దాదాపు 78 గ్రాములు ఉంటే, పీచు మూడు గ్రాములకు లోపే.

ఈ లెక్కను మన ఊళ్లో షుగర్ ఉన్న ప్రతి ఒక్కరూ ఒక్కసారి నెమ్మదిగా వేసుకోవాలని నా కోరిక. రెండు రొట్టెలు తింటే ఒంట్లోకి వెళ్లే పిండిపదార్థం 68 గ్రాములు. నేను ఇదివరకు రాత్రిపూట తినే అన్నాన్ని వండకముందు తూచి చూస్తే 120 గ్రాముల బియ్యం తేలింది, అంటే 94 గ్రాములు. రెండు రొట్టెలకే ఆగితే లాభం స్పష్టంగా ఉంది. మూడో రొట్టె తిన్నామా, లెక్క 102కు చేరి, మానేసిన అన్నాన్ని కూడా దాటిపోతుంది. జొన్నలోని పీచు వల్ల అరుగుదల కొంత నెమ్మదిస్తుందన్నది నిజమే కానీ, అది మూడో రొట్టెను మాఫీ చేయదు. "జొన్న రొట్టె ఎన్ని తిన్నా ఏం కాదు" అనే మాట మా స్టాఫ్ రూములోనే నేను చాలాసార్లు విన్నాను. అది తప్పు మాట.

నా మిషన్ కూడా ఇదే చెప్పింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకున్న రెండు గంటలకు వేలిని సబ్బుతో కడిగి, తుడిచి, చూసుకునేదాన్ని. కడగడం గురించి ప్రత్యేకంగా చెబుతున్నానంటే కారణం ఉంది: ఒకసారి మామిడిపండు కోసిన చేత్తోనే చూసుకుంటే 290 వచ్చి గుండె ఆగినంత పనైంది, కడిగి చూస్తే 171. రెండు రొట్టెలు, పుంటికూర పప్పుతో తిన్న రాత్రుల్లో నాకు ఎక్కువగా 155కూ 175కూ మధ్య వచ్చింది. మూడు రొట్టెలు తిన్న నాలుగు రాత్రుల్లో మూడుసార్లు 200 దాటింది. పాత పద్ధతిలో అన్నం తిన్న రాత్రుల్లో 220 నుంచి 240 వరకు ఉండేది. నాకు డాక్టరు గారు పెట్టిన హద్దు 180. ఇంటి మిషన్లకు 100 పైన ఉన్న రీడింగుల్లో ల్యాబు విలువ కంటే 15 శాతం వరకు అటూ ఇటూ తేడాను అంతర్జాతీయ ప్రమాణమే అనుమతిస్తుంది కాబట్టి, 160కీ 170కీ ఉన్న తేడాను నేను తేడాగా లెక్కించడం లేదు. ఒక్క రాత్రి చూసి తీర్పు చెప్పకూడదనే ఇన్నిసార్లు చూశాను. మిషన్‌లో ప్రతిసారీ కొత్తగా పెట్టే రక్తపు చుక్క పట్టీ, అంటే ఒక్కో స్ట్రిప్పు, ఇంచుమించు ఒక రొట్టె ఖరీదు చేస్తుంది, అయినా ఆ ఖర్చు వృథా అనిపించలేదు.

నిజాయితీగా మరొక సంగతి కూడా చెప్పాలి. మా ఇంటి నుంచి ఆ చెట్టు వరకు నడిచి వెళ్లి రావడానికి నలభై నిమిషాలు పడుతుంది. మా అబ్బాయి బండి మీద వెళ్లి పార్సిల్ తెచ్చిన రోజుల్లో, అవే రెండు రొట్టెలు అదే పప్పుతో తిన్నా, అంకె పది ఇరవై ఎక్కువగానే వచ్చింది. కనుక నా మంచి అంకెల్లో కొంత పుణ్యం రొట్టెది, కొంత కాళ్లది. రక్తంలో షుగర్ మూడు నెలల సగటును చూపే హెచ్‌బీఏ1సీ పరీక్షలో నాకు మొదట 8.4 ఉండేది, తొమ్మిది నెలల తర్వాత 7.3 వచ్చింది. ఇదే కాలంలో డాక్టరు గారు నా మాత్రల్లో ఒక మార్పు కూడా చేశారు కాబట్టి, ఆ తగ్గుదలనంతా రొట్టెల ఖాతాలో వేయడం సరికాదు.

కూరల విషయంలో ఈ చోటును అంతగా మెచ్చుకోలేను. రోజూ నాలుగు రకాలుంటాయి. పుంటికూర పప్పు, తోటకూర చాలా బాగుంటాయి. చలికాలంలో అనపగింజల కూర చేస్తారు, ఆ రుచి మళ్లీ మా అమ్మమ్మ ఇంటిని గుర్తుకు తెచ్చింది. అయితే ఆకుకూరలు ఏడున్నరకల్లా అయిపోతాయి. ఆ తర్వాత వెళ్తే ఆలుగడ్డ కూర, పల్లీల పచ్చడి, ఎల్లిగడ్డ కారం మిగులుతాయి. ఆలుగడ్డతో తిన్న రెండు రాత్రులూ నాకు 190 దాటింది; రొట్టెలో ఉన్న పిండిపదార్థానికి గడ్డలోని పిండిపదార్థం తోడైతే మరేమవుతుంది? పచ్చడిలో ఉప్పు చాలా ఎక్కువ. షుగర్‌తో పాటు బీపీ కూడా ఉన్నవాళ్లు మనలో ఎంతమందో అందరికీ తెలిసినదే కనుక, ఈ ఉప్పు గురించి ఆ అమ్మాయికి రెండుసార్లు చెప్పాను. "ఉప్పు తక్కువైతే గిరాకీ వాపస్ పంపుతరు మేడం" అంది. ఆమె కష్టం నాకు అర్థమైంది. ఇప్పుడు నేను అక్కడ రొట్టెలు, పప్పు మాత్రమే తీసుకొని, బీరకాయో సోరకాయో ఇంట్లో వండుకుంటున్నాను.

పార్సిల్ కట్టే తీరు కూడా మారాలి. పొగలు కక్కే రొట్టెను పాత వార్తాపత్రికలో చుట్టి, పైన పలుచని ప్లాస్టిక్ సంచిలో వేస్తారు. అచ్చు సిరా ఆహారానికి అంటడం మంచిది కాదని ఆహార భద్రతా సంస్థ ఎప్పటి నుంచో హెచ్చరిస్తోంది. నేను స్టీలు డబ్బా, పాత నూలు బట్ట పట్టుకెళ్తాను. బట్టలో చుట్టిన రొట్టె చెమ్మ పట్టదు, రుచి కూడా నిలుస్తుంది.

వేచి ఉండాల్సిన సమయం ఇక్కడ అసలైన ఇబ్బంది, షుగర్ మాత్రలు వేసుకునేవాళ్లకు అది ప్రమాదం కూడా. పొయ్యి ఒక్కటే, చేతులు రెండే. ఏడు దాటితే ఇరవై మంది నిలబడి ఉంటారు. మొదటి నెలలో ఒక వానాకాలపు సాయంత్రం, తిరిగి రాగానే తినవచ్చు కదా అని షుగర్‌ను దించే గ్లిమెపిరైడ్ మాత్ర వేసుకొనే బయలుదేరాను. మధ్యాహ్నం కూడా సరిగా తినలేదు. వానకు పొయ్యి ఆరిపోయి, మళ్లీ అంటుకొని, నా వంతు వచ్చేసరికి యాభై నిమిషాలు గడిచాయి. చేతులు వణకడం, ఒళ్లంతా చెమటలు, ఎదుటివాళ్ల మాట ఎక్కడో దూరం నుంచి వినిపించినట్టు ఉండటం మొదలైంది. సంచిలో ఉన్న మిషన్ తీసి చూసుకుంటే 58, షుగర్ మరీ పడిపోయింది. అప్పటికే నా ముఖం చూసిన ఆ తల్లి పీటను పక్కకు నెట్టి లేచి, పక్కనున్న చాయ్ హోటలు నుంచి మూడు చెంచాల చక్కెర కలిపిన నీళ్లు తెప్పించి తాగించింది. పదిహేను నిమిషాలకు మళ్లీ చూసుకుంటే 84కు వచ్చింది. "ముందుగాల్నే చెప్పొద్దా చెల్లె, నీకు షుగర్ గోలి ఏసుకునేది ఉందని? నీకు ముందు ఇస్తుంటి గదా" అని కోప్పడింది. ఆ రోజు నుంచి మాత్రను కంచం ముందు పెట్టుకున్నాకే వేసుకుంటున్నాను, సంచిలో నాలుగు గ్లూకోజు బిళ్లలు ఉంచుకుంటున్నాను. ఆ చోటికి వెళ్లేవాళ్లందరికీ నా మొదటి సలహా ఇదే: మాత్ర మింగి వరుసలో నిలబడకండి. 70 కన్నా తక్కువకు పడితే రొట్టె కోసం చూడకుండా వెంటనే చక్కెరో గ్లూకోజో తీసుకోవాలి. రొట్టె నెమ్మదిగా అరిగే తిండి కనుక ఆ క్షణానికి అది అక్కరకు రాదు.

ఒక విషయంలో మాత్రం నాకు ఈ దుకాణం మీద బాధ ఉంది. నాలుగు నెలల కిందట రేకులకు ఒక చిన్న ఫ్లెక్సీ కట్టారు. "షుగర్ వ్యాధికి దివ్యౌషధం జొన్న రొట్టె" అని దాని మీద ఎర్రని అక్షరాలు. ఫ్లెక్సీలు అచ్చువేసే కుర్రాడు తానే ఆ వాక్యం రాసి ఇచ్చాడట. మా వీధిలో ఒక పెద్దాయన ఆ మాటను నమ్మి, రాత్రి రొట్టెలు మొదలుపెట్టి, మాత్రలు ఆపేశారు. మూడు వారాలకు కాలి వేళ్ల మధ్య చిన్న పుండు మానకపోతే ఆస్పత్రికి తీసుకెళ్లారు. పరగడుపున 280 ఉంది. అదృష్టవశాత్తూ పుండు ముదరకముందే చూశారు కనుక కాలు నిలిచింది. ఇది ఆ తల్లీ కూతుళ్లు కావాలని చేసిన తప్పు కాదు. రొట్టె మంచి తిండి అని వాళ్లు మనస్ఫూర్తిగా నమ్ముతారు, నేనూ నమ్ముతాను. తిండి తిండిగానే మంచిది. అది మందు స్థానంలో కూర్చుంటే మనిషికి ప్రమాదం. ఈ సంగతి వివరంగా చెప్పాక కూతురు ఫ్లెక్సీ మీద "దివ్యౌషధం" అన్న మాట వరకు తెల్ల కాగితం అంటించింది. పూర్తిగా తీసేయమని ఇప్పటికీ అడుగుతూనే ఉన్నాను.

పాలమూరులో జొన్న రొట్టె కోసం వరుసలో నిలబడే రోజు వస్తుందని మా అమ్మమ్మ తరం ఊహించి ఉండదు. వానాధారపు ఎర్ర చెలకల్లో పచ్చజొన్న పండించుకొని, జొన్న గట్క, జొన్న రొట్టెలతోనే ఏడాదంతా గడిపిన నేల ఇది. వరి అన్నం పండుగ నాటి తిండిగా, చుట్టాలు వచ్చిన నాటి తిండిగా ఉండేది. 1983లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చాక అన్నం రోజువారీ తిండి అయింది. ఆకలి తీరడం చిన్న విషయం కాదు, ఆ పథకాన్ని నేను ఎన్నడూ తప్పుపట్టను. వలస వెళ్లి చెమటోడ్చే ఒంటికి అన్నం చేసే మేలు, రోజంతా కుర్చీలో కూర్చునే నా ఒంటికి చేయడం లేదన్నదే నా బాధ. 2023లో వెలువడిన జాతీయ స్థాయి అధ్యయనం దేశంలో 10 కోట్లకు పైగా జనానికి మధుమేహం ఉందని లెక్కగట్టింది. ఆ పది కోట్లలో ఒకరిగా నేను నా రాత్రి కంచం గురించి ఇంత పట్టుదలగా రాయడం అతి అనిపించదనుకుంటాను.

ధర ఒక్కో రొట్టె 20 రూపాయలు, పప్పు గిన్నె 30. రెండు రొట్టెలు, ఒక పప్పుతో ఒక మనిషి రాత్రి భోజనం 70 రూపాయల్లో ముగుస్తుంది. పక్కవీధుల్లో 15కే దొరుకుతాయి, కానీ పైన చెప్పిన కల్తీ రొట్టెలు ఆ ధరవే. సజ్జ రొట్టె కూడా చేస్తారు, అది చలికాలంలోనే. ఇటీవల మొదలుపెట్టిన మల్టీగ్రెయిన్ రొట్టె మాత్రం నేను వద్దంటాను. అందులో సగం గోధుమపిండేనని వాళ్లే చెబుతున్నారు, 30 రూపాయలు పెట్టి దాన్ని కొనడంలో అర్థం లేదు. సాయంత్రం ఆరుకు పొయ్యి వెలిగిస్తారు, తొమ్మిదిన్నరకు ఆర్పేస్తారు. అమావాస్య నాడు ఉండరు. ఆరున్నరలోపు వెళ్తే ఆకుకూర దొరుకుతుంది, నిలబడే పనీ ఉండదు.

చివరిగా ఒక మంచి మార్పు. రెండు రొట్టెలు ఎక్కువై, ఒకటి చాలక ఇబ్బందిపడే ముసలివాళ్ల కోసం సగం పరిమాణంలో చిన్న రొట్టె చేయమని గత నెల అడిగాను. మొదట ఆమె ఒప్పుకోలేదు. చిన్నదానికైనా పెద్దదానికైనా పెనం మీద పట్టే సమయం ఒకటేనంది, అది న్యాయమైన మాటే. ఆ తర్వాత ఏమనుకుందో, ఆరున్నరలోపు వచ్చి చెప్పినవాళ్లకు 12 రూపాయలకు చిన్న రొట్టె చేసిస్తోంది. ఒకటిన్నర రొట్టె తినాలని డాక్టరు చెప్పిన మా అత్తగారికి ఇప్పుడు ఒక పెద్దది, ఒక చిన్నది తెస్తున్నాను. పిండి కలపకముందే చెప్పాలి, లేకపోతే ముద్దలు తీసేశాక ఆమె వినదు.